ఎల్లారావు చూపించిన అబద్ధపు కొండ

యారాడ ఒడ్డున ఎవరైనా "ఈ రోజు వేట ఎక్కడ?" అని అడిగితే ఎల్లారావు చెయ్యెత్తి కైలాసగిరి వైపు చూపించేవాడు. నలభై ఏళ్ళు అలాగే చూపించాడు. ఒక్కనాడూ ఆ వైపు పోలేదు. ఇందులో అతనికి తప్పు కనబడలేదు, అడిగినవాడికీ కనబడలేదు. చేపలున్న చోటు గురించి నిజం చెప్పేవాణ్ణి ఆ ఊళ్ళో మంచివాడు అనరు, తిక్కవాడు అంటారు. అడగడం ఒక మర్యాద, అబద్ధం చెప్పడం ఇంకో మర్యాద. విన్నవాడు సరేనని తలూపి, కాసేపాగి, దొంగచాటుగా వెనకాలే పడవ పోనిస్తాడు. అది వేట.

ఎల్లారావు తండ్రి వీరన్న పోతూ పోతూ కొడుక్కి ఇల్లివ్వలేదు, పొలమివ్వలేదు. సముద్రంలో ఒక చోటిచ్చాడు. ఒడ్డు కంటికి సన్నగా అయిపోయేంత దూరాన, ఇరవై రెండు బారల లోతున, బురద నేల మధ్య ఒక రాళ్ళ గుట్ట. వీరన్న దాన్ని వంటిల్లు అనేవాడు, అక్కడి నుంచి వట్టి చేతులతో లేచి వచ్చింది లేదు కనుక. నీళ్ళ మీద గుర్తేమీ ఉండదు. ఒడ్డు మీదున్న కొండలూ కట్టడాలూ ఏది దేని పక్కకి వస్తే పడవ సరిగ్గా ఆ రాళ్ళ మీద ఉన్నట్టో తెలియాలి. ఆ గుర్తులు చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. నేల మీద చెప్పకూడదు. ఆ చోటికే వెళ్ళి, తెడ్డు ఆపి, తన తరవాత అక్కడికి వచ్చే మనిషికి మాత్రమే చెప్పాలి. పంతొమ్మిదేళ్ళప్పుడు తెప్ప మీద ఎల్లారావు అలాగే విన్నాడు. విన్నది ఇంకెవరికీ చెప్పలేదు. ముప్పై ఆరేళ్ళు కాపరం చేసిన తాయారుకి చెప్పలేదు. తాయారు తమ్ముడు దొరబాబు సగం జీవితం బావ పడవ వెనకాలే తిరిగాడు, అతనికీ దొరకలేదు. కొడుకులు లేరు. ఉన్నది ఒక్క కూతురు మహేశ్వరి, ఆ ఊళ్ళో ఆడవాళ్ళు వేట పడవ ఎక్కరు.

నాలుగేళ్ళ కిందట షుగరు ఎల్లారావు కళ్ళలోకి దిగింది. దగ్గరున్న మనిషి మొహం తెలుస్తుంది. దూరాన ఉన్నదంతా తడి గుడ్డతో తుడిచేసినట్టు అయిపోయింది. కొండలు పోయాయి. పోయిన చూపు ఇక రాదని డాక్టరు చెప్పేశాడు.

అప్పటి నుంచి అతని వేట అంతా కళ్ళు మూసుకునే. మధ్యాహ్నం తిన్నాక ఒడ్డున పడవ నీడలో నడుం వాలుస్తాడు. అలల చప్పుడు తల కింద నుంచే వస్తున్నట్టుంటుంది. మెల్లగా ఇసుక కదులుతుంది. తెప్ప అవుతుంది. గేలం తాడు వేలి మీద నుంచి జారుతూ జారుతూ ఇరవై రెండో బార దగ్గర ఆగుతుంది. కింద చీకటి కాదు, పచ్చటి వెలుగు. రాళ్ళ సందుల్లో కోనాం చేపలు వీధిలో మనుషుల్లా ఎవరి పని మీద అవి పోతుంటాయి. ఒక్కోసారి వీరన్న కూడా ఉంటాడు, ఇరవై రెండు బారల లోతున, బండ మీద కూర్చుని, బీడీ కాలుస్తూ.

"ఏటయ్యా, మళ్ళీ ములిగిపోయావేటి?" అని తాయారు కేకేస్తే పైకి తేలేవాడు.

అలా రోజులు పోతుండగా తుఫాను షెల్టర్‌లో ఒక మీటింగు పెట్టారు. వన్ టౌన్‌లో ఒక పాత మేడ మీద అద్దెకి దిగిన సర్వే ఆఫీసు నుంచి వీరేంద్ర అనే ఇంజనీరు వచ్చాడు. చేతిలో చుట్ట చుట్టిన పటం. దాన్ని గోడకి అంటించి, సముద్రం మీదుగా గీసిన ఎర్ర గీతని వేలితో చూపించాడు.

"ఈ గీత వెంబడి సముద్రం అడుగున ఇంటర్నెట్ తీగ వేస్తారు. నేలని కోసి అందులో పూడుస్తారు. గీతకి అటూ ఇటూ అర కిలోమీటరు వరకూ లంగరు వెయ్యకూడదు, వేట ఉండదు. మా పటంలో ఇక్కడంతా బురదే. మీకు తెలిసిన రాళ్ళూ, చేపల చోట్లూ ఉంటే కాగితం మీద రాసివ్వండి. గీత పక్కకి జరుపుతాం. వచ్చే శనివారం వరకే టైము. మీరిచ్చిన ప్రతి చోటూ పటంలో గుర్తు పెట్టి ఇదే గోడకి అంటిస్తాం, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోవచ్చు."

షెల్టర్‌లో ముప్పై మంది మగవాళ్ళున్నారు. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"మాకేటి సోట్లుంటాయి బాబూ," అన్నాడు దొరబాబు అందరి తరఫునా. "దేవుడిచ్చినకాడ వలేత్తాం."

అందరూ వెళ్ళిపోయాక ఎల్లారావు కూతురి చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళాడు. "మహేసూ, మన యారాడ కొండ ఎక్కడుంది? నా యేలు దాని మీద పెట్టు." ఆమె పెట్టింది. "స్టీల్ ప్లాంటు?" అదీ చూపించింది. అతని వేలు అక్కడి నుంచి ఒంటరిగా బయలుదేరి, కాగితం మీది నీలం లోకి దిగి, తడుముకుంటూ పోయి ఒక చోట ఆగింది. మహేశ్వరి చూసింది. వేలు ఎర్ర గీత మీద ఉంది. అంత సన్న గీత ఎల్లారావుకి కనబడలేదు. కూతురు ఊపిరి బిగబట్టడం వినబడింది.

కాగితం ఇస్తే చోటు ఊరందరి గోడ మీదకీ ఎక్కుతుంది. ఇవ్వకపోతే వంటిల్లుని కోసి తీగ పరుస్తారు. పటంలో లేనిదాన్ని లేదనుకోవడం ఆఫీసులకి తేలిక. దాన్ని ఉందని చెప్పాల్సిన పని మాత్రం ఎప్పుడూ చూపు లేనివాడి మీదే పడుతుంది.

నాలుగు రోజులు ఎల్లారావు ఎవరితోనూ మాట్లాడలేదు. అయిదో రోజు దొరబాబు వచ్చి పక్కన కూలబడ్డాడు.

"బావా, నాను కాగితం రాయించేశాను."

"నీకు రాతొచ్చేటి?"

"నాకెందుకు? ఫోన్లో సాట్‌బాట్ ఉంది కదా. మైకు నొక్కి సెప్పడమే. అడగడం పాపం, పేజీలు పేజీలు రాసి పారేత్తాది. ఊరంతా దాన్తోనే రాయిత్తన్నారు."

"సోటెక్కడో సెప్పావేటి?"

"నీకు పిచ్చా? సముద్రంలో అన్నాను."

ఎల్లారావు ఆ ఫోను అందుకున్నాడు. నోటి దగ్గర పెట్టుకుని, దొరబాబు వినకుండా గొంతు తగ్గించి చెప్పాడు. "యారాడ జాలరిని. సముద్రంలో రాళ్ళున్నాయి. కైలాసగిరికి ఎదురుగా. ఆఫీసుకి పెద్ద కాగితం రాయి. పటం అంకెలు కూడా ఎయ్యి." కైలాసగిరి అన్నది నోటికి దానంతటదే వచ్చేసింది. మెషీనుకి కూడా అబద్ధం చెప్పాలా అని అతను ఆలోచించలేదు. అడిగింది ఎవరైతేనేం, చెయ్యి ఆ వైపుకే లేచే అలవాటు.

మల్కాపురం జిరాక్సు షాపులో కాగితం తీయించి, బావా బామ్మర్దీ బస్సెక్కి వన్ టౌన్ వెళ్ళారు. వీరేంద్ర బల్ల మీద కాగితాల దొంతర ఉంది. ఎల్లారావు కాగితం తీసి పైకే చదివాడు.

"'అనాదిగా, తరతరాలుగా కడలి తల్లి ఒడిలో జీవనం సాగిస్తున్న మత్స్యకార సోదరుల మనోభావాలను గౌరవించి...' అయ్యా, ఇది ఇరవై ఏడోది." దొంతర లోంచి ఇంకోటి లాగాడు. "ఇదీ అనాదిగానే. ఇది దొరబాబుగారిది. ఇది కూడా కడలి తల్లి ఒడే. పేర్లు తప్ప తేడా లేదు. ఇరవై ఏడు మంది రాశారు, ఒక్కరూ ఎక్కడో రాయలేదు."

"మా బావ రాశాడు, అంకెలున్నాయి సూడండి," అన్నాడు దొరబాబు.

వీరేంద్ర అంకెలు చూశాడు. కంప్యూటర్లో కొట్టాడు. మళ్ళీ కొట్టాడు.

"మీ రాళ్ళు పూర్ణా మార్కెట్లో ఉన్నాయి."

"ఏటీ?"

"పూర్ణా మార్కెట్. ఉల్లిపాయల కొట్ల దగ్గర."

గదిలో ఉన్న ఇద్దరు గుమాస్తాలు తలలు వంచుకుని నవ్వారు. దొరబాబు వంచుకోకుండానే నవ్వాడు. "అయితే బావా, రేపటి నుంచి గేలం ఉల్లిపాయల బస్తాలోనే ఎయ్యాల."

వీరేంద్ర నవ్వలేదు. "శనివారం అయిదింటి వరకూ ఇక్కడే ఉంటాను. నిజంగా ఉంటే సరిగ్గా రాసి తీసుకురండి. నాకు ఒడీ తల్లీ అక్కర్లేదు. ఏముంది, ఎక్కడుంది, ఎలా తెలుసు. అంతే," అన్నాడు. అది మంగళవారం.

మహేశ్వరి పనిచేసే షాపు అక్కడికి రెండు సందుల అవతల. పెళ్ళి కార్డులూ, ఫ్లెక్సీ బ్యానర్లూ అచ్చువేసే ఇరుకు గది. రోజంతా చాట్‌బాట్ చేత మాటలు రాయించడమే ఆమె పని. తండ్రి ఇచ్చిన కాగితం చదివి నుదురు కొట్టుకుంది.

"దానికి ఏటి సెప్పావు నాన్నా?"

చెప్పాడు. కైలాసగిరి సంగతి కూడా చెప్పాడు, నిజంలాగే.

"అది నీ మొఖం సూసి తెలుసుకోడానికి ఊళ్ళో మనిసి కాదు. నువ్వు ఖాళీ ఒగ్గేసిన సోటు అది ఖాళీగా ఉంచదు. తోసింది పెట్టి నింపేత్తాది. మొదట్లో నాకూ అలాగే అయింది. 'ఫలానా రోజు పదకొండింటికి బంధువులందరూ రావాలి, కార్డు రాయి' అని కొట్టాను. ఆనందోత్సాహాలతో, సపరివారంగా అని రాసేసింది. పెద్దకార్యం కార్డు నాన్నా అది! పెళ్ళో సావో సెప్పకపోతే దానికేటి తెలుత్తాది?"

దొరబాబు నవ్వుతూ కుర్చీలోంచి జారిపోయాడు.

"మావా, నువ్వు నవ్వకు. నీదీ కడలి తల్లి ఒడే కదా."

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వచ్చి, తండ్రిని ఒడ్డుకి తీసుకుపోయి ఇసుకలో కూర్చోబెట్టింది. ఫోను మోకాళ్ళ మీద పెట్టుకుని కొట్టడం మొదలెట్టింది. కొట్టింది కొట్టినట్టు అతనికి చదివి వినిపించింది.

"నలభై ఏళ్ళు సముద్రంలో వేటాడిన యారాడ జాలరి ఎల్లారావు తరఫున నువ్వు కాగితం రాయాలి. చదివేది సర్వే ఆఫీసులో పటం ముందు కూర్చున్న ఇంజనీరు. ఆయనకి కావలసింది మూడే సంగతులు: ఏముంది, ఎక్కడుంది, ఎలా తెలుసు. ఒక పేజీ దాటకు. మామూలు మాటల్లో రాయి. నేను చెప్పనిది ఒక్కటి కూడా కలపకు, అంకెలు ఊహించకు. ఇప్పుడే రాయొద్దు. ముందు నీకు ఏం తెలియాలో నన్ను అడుగు, ఒక్కొక్కటిగా."

"దాన్నే అడగమంటన్నావేటి?" అన్నాడు ఎల్లారావు.

"మంచిగా రాయాలంటే దానికి తెలియాల కదా. ఏటి తెలియాలో మనకంటే దానికే బాగా తెలుసు."

అడగడం మొదలైంది. రాళ్ళు ఎంత లోతున ఉన్నాయి? గేలం కింద తగిలినప్పుడు బురదకీ రాయికీ తేడా ఎలా తెలుస్తుంది? ఏ నెలలో ఏ చేప? నీటి రంగు మారుతుందా? ప్రవాహం ఎటు? గుట్ట ఎంత పొడుగు, ఎలా కొలిచారు?

ఎల్లారావు మొదట పొడి పొడిగా చెప్పాడు. తరవాత తరవాత అతని గొంతు మారింది. అరవై రెండేళ్ళ జీవితంలో ఈ మాటలు అతన్ని ఎవరూ అడగలేదు. "ఎక్కడ?" అని అడిగినవాళ్ళే గానీ "ఎలా ఉంటుంది?" అని అడిగినవాళ్ళు లేరు. బురదలో సీసపు గుండు పడితే చేతికి నిద్రపోతున్న పిల్లని పడుకోబెట్టినట్టుంటుందని చెప్పాడు. రాయి మీద పడితే పంటి కింద ఇసుక పడ్డట్టుంటుందని చెప్పాడు. మాఘంలో పొద్దు పొడిచే వేళ అక్కడి నీరు చిక్కటి టీ రంగులోకి వచ్చి, పది నిమిషాలుండి, ఎవరో పిలిచినట్టు మళ్ళీ పోతుందని చెప్పాడు. గాలి లేని రోజున పడవ అడుగున చెవి ఆనిస్తే రాళ్ళలోంచి చిటపటమని చప్పుడు వస్తుందని, నూనెలో ఆవాలు వేగినట్టుంటుందని, అందుకే తన తండ్రికి ఆ పేరు తోచిందేమో అని చెప్పాడు. తెల్లారుజామున లైట్‌హౌస్ దీపం యారాడ కొండ వెనక్కి దాక్కుని, ఆకాశమే అటువైపు రెప్ప వేస్తున్నట్టు కనబడుతుందని చెప్పాడు.

మహేశ్వరి కొడుతూనే ఉంది. తన తండ్రికి ఇన్ని మాటలు వచ్చని ఆమెకి ఆ రోజే తెలిసింది. సముద్రం మీద వెలుతురు పల్చబడి, ఒడ్డూ నీరూ ఒకే బూడిద రంగులోకి తిరిగాయి. పోర్టుకి వచ్చే ఓడలు దూరాన దీపాలు పెట్టుకున్నాయి. ఎల్లారావుకి అవి తెలియవు. అతను వంటింట్లో ఉన్నాడు.

ఆఖరి ప్రశ్న వచ్చింది. "ఇంక ఎక్కడో సెప్పు నాన్నా."

"కైలాసగిరికి ఎదురుగా," అన్నాడు ఎల్లారావు. రెప్ప కూడా వెయ్యలేదు.

ఆమె కొట్టింది. కాసేపటికి వచ్చిన జవాబు చదవబోయి ఆగింది. మళ్ళీ మొదటి నుంచి, ఒక్కో మాటా విడిగా చదివింది. "ఒక సందేహం. లైట్‌హౌస్ యారాడ కొండ వెనక్కి పోతుందని ఇందాక చెప్పారు. మీరు చెప్పిన వైపు నుంచి చూస్తే లైట్‌హౌస్ కనబడుతూ ఉండాలని నా అంచనా. పొరపాటు నాదైనా కావచ్చు. రెండిట్లో ఏది సరైనదో చెబితే రాస్తాను."

అలలు వచ్చి పోయాయి.

"నాన్నా. దానికి అబద్దం సెప్పావేటి?"

ఎల్లారావు గుప్పెడు ఇసుక తీసి వేళ్ళ సందుల్లోంచి వదిలాడు.

"నాకు కూడా సెప్పావేటి?"

"నేల మీద సెప్పకూడదమ్మా," అన్నాడు చివరికి. "మా నాన్న సెప్పలేదు. ఆడి నాన్న సెప్పలేదు."

"మరి పూర్ణా మార్కెట్లో ఉంది అని రాసుకోమను," అని ఆమె లేచి, ఇసుక దులుపుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

బుధవారం, గురువారం తండ్రీ కూతుళ్ళ మధ్య మాటల్లేవు. గురువారం మధ్యాహ్నం ఎల్లారావు పడవ నీడలో కన్ను మూసి ఎప్పటిలా దిగాడు. గేలం తాడు ఇరవై రెండు బారలూ జారి ఆగలేదు. ఇంకా జారింది. కింద పచ్చటి వెలుగు లేదు. వీరన్న కూర్చునే బండ లేదు. నేల నున్నగా, అలికినట్టు, వేలెడు మచ్చ లేకుండా చాలా దూరం పోయింది. చేపలు వచ్చి, ఆగి, ఇల్లు మారిపోయిన బంధువుల్లా అటూ ఇటూ చూసి తిరిగి వెళ్ళిపోతున్నాయి. ఎల్లారావు తండ్రిని పిలుద్దామని నోరు తెరిచాడు. నోట్లోకి నీళ్ళొచ్చాయి.

లేచేసరికి చొక్కా తడిసిపోయి ఉంది. చెమటే. నేరుగా దొరబాబు ఇంటికి పోయి గుమ్మంలో నిలబడ్డాడు.

"రేపొద్దున్న నీ బోటు కావాల."

"ఎక్కడికి బావా?" అడగకూడని మాట అడిగేసి దొరబాబు నాలిక కరుచుకున్నాడు.

"అక్కడికే. మహేసు కూడా వత్తాది."

దొరబాబు తలుపు రెక్క పట్టుకుని బావని ఎగాదిగా చూశాడు. ముప్పై ఏళ్ళు వెతికిన చోటు నడిచొచ్చి గుమ్మంలో నిలబడితే మనిషికి వెంటనే సంతోషం రాదు. "ఆడగుంటని ఎక్కిత్తావేటి?" అన్నాడు చివరికి.

"దానికి కళ్ళున్నాయి."

తాయారు ఒక్క మాటే అంది. "నాకు ముప్పై ఆరేళ్ళలో సెప్పనిది దానికి సెప్తన్నావు. సర్లే. సెప్పు." అని టిఫిన్ డబ్బాలో బువ్వ పెట్టి ఇచ్చింది.

శుక్రవారం పొద్దు పొడిచాక ముగ్గురూ ఫైబర్ బోటు ఎక్కారు. అల దాటేదాకా మహేశ్వరి కళ్ళు మూసుకుని బల్లని పట్టుకుంది. అల దాటాక తెరిచింది. తను పుట్టిన ఊరు ఇంత చిన్నదని, కొండ ఇంత పెద్దదని అనుకోలేదు. ఊరు కొండ పాదం దగ్గర తుడిచి వదిలేసిన చెత్తలా ఉంది.

కొంత దూరం పోయాక దొరబాబు ఇంజను తగ్గించి, మెడలో తువ్వాలు తీసి కళ్ళ మీదుగా తలకి గట్టిగా కట్టుకున్నాడు.

"ఏటి మావా అది?"

"రేపో మాపో ఎలాగూ గోడ మీద సూత్తాను. అది వేరు. మీ అయ్య ఇంటి గుట్టు మీ అయ్యతో పాటు కూకుని నాను సూడను. ఎడమా కుడీ నువ్వు సెప్పు, తిప్పుతాను."

"ఇనబడుద్ది కదా?"

"పాట పాడుకుంటాను."

నిజంగానే పాడటం మొదలెట్టాడు. గొంతు ఘోరంగా ఉంది. అలా ఆ బోటు బయలుదేరింది. చూపు పోయిన మనిషి ముందు కూర్చున్నాడు, కళ్ళకి గుడ్డ కట్టుకున్నవాడు చుక్కాని పట్టాడు, ముగ్గురిలో చూస్తున్నది ఆ రోజు దాకా పడవెక్కని మనిషి ఒక్కతే.

"ఏటి కనబడతంది?" అన్నాడు ఎల్లారావు.

"కొండ. లైట్‌హౌస్."

"అలాక్కాదు. దానికి సెప్పినట్టు సెప్పు. నాకేటీ తెలీదనుకో. ఏది దేని పక్కనుంది, ఎంత ఎడం?"

మహేశ్వరి తండ్రి వైపు ఒకసారి చూసి, మళ్ళీ ఒడ్డు వైపు తిరిగింది. ఈసారి తీరిగ్గా చెప్పింది. లైట్‌హౌస్ కొండ అంచుకి జానెడు బయట ఉంది. దక్షిణాన స్టీల్ ప్లాంటు దగ్గర పొగగొట్టాలు రెండు పక్కపక్కన ఉన్నాయి, మధ్యలో బెత్తెడు ఆకాశం కనబడుతోంది.

"కొంచెం ఎడమకి. ఇప్పుడు?"

"బెత్తెడు కాదు, రెండు వేళ్ళు."

"లైట్‌హౌసు?"

"సగం కొండలోకి పోయింది."

"పోనీ. మెల్లగా పోనీ. దొరబాబూ, పాట ఆపకు. ఇప్పుడు?"

"ఒక వేలు. నాన్నా, దగ్గరకొచ్చేత్తన్నాయి... దారం అంత సందుంది. పోయింది. రెండూ ఒకటైపోయాయి!"

"లైట్‌హౌసు?"

"లేదు. పూర్తిగా ఎనక్కి పోయింది."

"ఆపు," అన్నాడు ఎల్లారావు.

ఇంజను ఆగింది. పాట కూడా ఆగింది. నీళ్ళు బోటు పక్కలని నాకుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎల్లారావు సీసపు గుండు కట్టిన తాడు వదిలాడు. ఒకటి, రెండు, మూడు అని పెదవులు కదిలాయి. ఇరవై రెండు దగ్గర తాడు ఆగింది. అతను వేలు కదపకుండా అలాగే ఉండిపోయాడు. తరవాత కూతురి చెయ్యి పట్టుకుని ఆ తాడు మీద పెట్టాడు. గరగరమని చిన్న వణుకు తాడు వెంబడి పైకి వచ్చి ఆమె అరచేతిలో ఆగింది.

"లైట్‌హౌసు దాక్కోవాల. గొట్టాలు రెండూ ఒకటవ్వాల," అన్నాడు. రెండోసారి కూడా అదే చెప్పాడు. మూడోసారి చెప్పలేదు.

మహేశ్వరి ఫోను తీసి, ఉన్నచోటు చూపించే పటంలో నొక్కింది. పదిహేడుతో మొదలయ్యే అంకె ఒకటి, ఎనభై మూడుతో మొదలయ్యే అంకె ఒకటి వచ్చాయి. దాచింది. బోటు అడుగున చెవి ఆనించి పడుకుంది. ఎండ వీపు మీద పడుతోంది. కింద ఎక్కడో, చాలా లోతున, ఆవాలు వేగుతున్నాయి. ఎంతసేపలా ఉందో ఆమెకి తెలియదు. ఎవరూ లేవమనలేదు.

శనివారం పొద్దున్న షాపులో కూర్చుని, తండ్రి చెప్పినవన్నీ తప్పులు దిద్ది చాట్‌బాట్‌కి మళ్ళీ ఇచ్చింది. అది రాసింది చదివి రెండు చోట్ల కొట్టేసింది. ఒక చోట అది "అద్భుతమైన" అని పెట్టింది. ఇంకో చోట గుట్ట పొడుగు కచ్చితంగా తెలిసినట్టు రాసింది. "ఆయనకి తెలియదు, అంచనా అని రాయి" అని చెబితే మార్చింది. మిగిలింది ముప్పావు పేజీ.

వీరేంద్ర దాన్ని నిలబడి మొదలెట్టి, కూర్చుని పూర్తిచేశాడు. అందులో ఇలా ఉంది: "లోతు ఇరవై రెండు బారలు. నిన్న పొద్దున్న తాడు వేసి మళ్ళీ చూశాం. చుట్టూ బురద, ఇక్కడ రాయి. గుట్ట పొడుగు నాలుగు పడవలంత ఉంటుందని నా అంచనా, కొలవలేదు. మాఘం నుంచి చైత్రం దాకా కోనాం. మీ గీత దీని మీదుగా పోతోంది. నాకు దూరపు చూపు లేదు. ఒడ్డు మీది గుర్తులు నా కూతురు చూసింది." కింద అంకెలున్నాయి.

అతను అంకెలు కొట్టాడు. ఈసారి పటం మీద చుక్క నీలంలోనే పడింది. ఎర్ర గీత మీద పడింది.

"సర్వే పడవని పంపిస్తాను," అన్నాడు. "ఉంటే గీత మారుతుంది. ఇది మాత్రం గోడకి అంటించాలి, తెలుసుగా?"

"తెలుసు బాబూ," అన్నాడు ఎల్లారావు.

సర్వే పడవ మూడు రోజులు అక్కడే తిరిగింది. పది రోజులకి తుఫాను షెల్టర్ గోడ మీదికి కొత్త పటం వచ్చింది. అందులో ఎర్ర గీత సూటిగా వచ్చి, ఒక చిన్న నల్ల సున్నా దగ్గర అలిగినట్టు పక్కకి తిరిగి, చుట్టు తిరిగి పోయింది. సున్నా పక్కన అంకెలున్నాయి, అందరికీ కనబడేలా. ఆ సాయంత్రం ఊళ్ళో మగవాళ్ళంతా దాని ముందు నిలబడి ఫోన్లతో ఫోటోలు తీసుకున్నారు. దొరబాబు తీసుకోలేదు. తీసుకోవలసిన అవసరం అతనికి ఉందో లేదో ఎవరికీ తెలియదు.

సోమవారం మధ్యాహ్నం ఎల్లారావు ఒడ్డుకి పోలేదు. ఇంట్లోనే కూర్చున్నాడు. తాయారు కంచం పెట్టి, ముద్ద కలిపి చేతికందించింది. అతను నోట్లో పెట్టుకుని ఆగాడు.

"కోనాం. ఎవులిది?"

"అప్పాయమ్మ కొడుకుది. ఎక్కడ పట్టాడో ఒడ్డు ఒడ్డంతా అరిసి సెప్తన్నాడు, సిగ్గులేనోడు. ఆరు బోట్లెల్లాయంట. వంటిల్లు అంటన్నారు దాన్ని. ఆ పేరు ఆళ్ళకెవరు సెప్పారో మరి."

మహేశ్వరి తల వంచుకుంది. ఆఫీసులో చోటుకి పేరు అడిగితే కాగితం మీద రాసింది ఆమే, పటంలో అంకెల పక్కకి అదే ఎక్కింది.

ఎల్లారావు నెమ్మదిగా నమిలాడు. చేప తాజాగా ఉంది, కండ గట్టిగా ఉంది. మింగాక కంచం కొంచెం ముందుకి జరిపాడు.

"ఇంకో ముక్కెయ్యి," అన్నాడు. "ముల్లు సూసి ఎయ్యి."

తాయారు వెలుతురు వైపుకి తిప్పి ముల్లు ఏరి, నడుం ముక్క వేసింది. అతను దానికి ఉప్పు తక్కువైందని ఒక మాట అని, కంచం మీదికి వంగి తిన్నాడు.